ఊరికే పడి ఉన్న పేరు

కాలనీ, నూజివీడు మండలం
21 మే 2025, బుధవారం

యోగితా,

బుల్లెమ్మ చనిపోయింది. మొన్న సోమవారం, పంతొమ్మిదో తేదీ, పొద్దున ఆరూ పదికి, హనుమాన్ జంక్షన్ దాటాక. పదకొండు మంది కూలీలున్న ఆటోను వెనక నుంచి లారీ గుద్దింది. ఆమె వెనక చెక్క మీద, కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంది. ఇంకో ఇద్దరికి చేతులు విరిగాయి. పోయింది ఆమె ఒక్కతే. పోస్టుమార్టం అయ్యాక సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి తెచ్చారు. ఆరున్నరకల్లా అంతా అయిపోయింది.

నీకు ఆమె గుర్తుండే ఉంటుంది. జనవరిలో నువ్వు మా ఇంట్లో పదకొండు రోజులుండి, ఆ చిన్న రికార్డరు పెట్టుకుని గ్రామసభల సంగతి అందరినీ అడిగావు కదా. అప్పుడు రోజూ సాయంత్రం టీ తెచ్చి ఇచ్చిన పక్కింటి ఆవిడ. "ఈ పిల్ల అడగడమే గాని తను ఒక్క ముక్కా చెప్పదేంటి పార్వతీ" అనేది నాతో.

నేను ఈ ఊరికి కాపురానికి వచ్చిన ఏడాది మామిడి షెడ్డులో కాయ పట్టుకోవడం ఆమే నేర్పింది. ముచ్చిక విరిగితే సొన కారి కాయ మచ్చపడుతుంది, మన చేతులూ కాలతాయి. రసం కాయను నొక్కి చూడకూడదు, అరచేతిలో బరువును బట్టే తెలుసుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ కాయ చేతిలోకి తీసుకుంటే ఆమె చెప్పినట్టే తీసుకుంటాను.

ఈ ఏడు చిన్న రసాలు తక్కువ. గాలివానకు సగం రాలిపోయాయి. మీ నాన్నకు ఒక పెట్టె పంపాను. మా అబ్బాయి శివ వ్యాను మీద వెళ్తూ బాపులపాడులో ఇచ్చి వచ్చాడు. అన్నయ్య నీకు చెప్పాడో లేదో.

ఫోన్ చెయ్యకు. ఉన్న ఒక్క ఫోనూ శివ దగ్గర ఉంటుంది. వాడు పొద్దస్తమానం షెడ్డు యజమాని భాస్కరరావు గారి వ్యాను తోలుతూ ఉంటాడు. ఊరి అర్జీలన్నీ రాసే దాన్ని, నీకో ఉత్తరం రాయలేనా. నువ్వూ ఉత్తరమే రాయి.

బుల్లెమ్మకు కనకాంబరాలు ఇష్టం. మొన్న ఎక్కడా దొరకలేదు.

నీ మేనత్త
పార్వతి

*

హైదరాబాదు, హాస్టల్
26 మే 2025

అత్తా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. బుల్లెమ్మత్త ఇచ్చిన టీలో అల్లం ఎక్కువగా ఉండేది. మొదటి రోజు దగ్గాను. తర్వాత అది లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు వేళకు తింటున్నావా?

ఒక మాట అడగనా? బుల్లెమ్మత్త ముప్పై ఏళ్ళుగా భాస్కరరావు గారి షెడ్డులోనే పని చేస్తోందని నా నోట్సులో ఉంది. మే నెలలో షెడ్డులో ఊపిరాడని పని ఉంటుందని నువ్వే చెప్పావు. మరి తెల్లవారకముందే జంక్షన్ వైపు వెళ్ళే ఆటో ఎందుకు ఎక్కింది? మా సువర్ణరాజు సార్ అంటారు, ఎప్పుడూ ఉండే చోట మనిషి లేకపోతే అక్కడి నుంచే ప్రశ్న మొదలుపెట్టాలని. అలవాటు కొద్దీ అడుగుతున్నాను. బాధపెడితే జవాబు రాయకు.

నా రిపోర్టుకు క్లాసులో మొదటి మార్కు వచ్చింది. అది నీ మాట వల్లే. "సభ జరగలేదు. రిజిస్టరే మా బిందెల వరసలోకి నడిచి వచ్చింది." దాన్ని మొదటి పేజీలో పెట్టాను. జనవరి రెండున సభ జరిగినట్టు కాగితం, పంపు దగ్గర నిలబడ్డ నలభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు, పైన కాలనీలో తాగునీటి ఇబ్బంది లేదని తీర్మానం. సార్ దాన్ని క్లాసులో రెండుసార్లు చదివారు.

మనతో మాట్లాడిన ఊరికి ఫలితం తిరిగి ఇవ్వాలని మాకు నేర్పారు. అందుకని మార్చి ఇరవైన పంచాయతీ ఆఫీసుకు ఒక కాపీ పోస్టు చేశాను. అందిందా? నువ్వేం భయపడకు. నీ పేరు ఎక్కడా లేదు. మారుపేరు పెట్టాను. "మంగమ్మ, 46, మామిడి షెడ్డులో కాయలు పేర్చే కూలి" అని మాత్రమే ఉంటుంది.

ప్రేమతో,
యోగిత

*

31 మే 2025, శనివారం

యోగితా,

బుల్లెమ్మ అసలు పేరు మంగమ్మ.

ఆ పేరు ఆధార్ కార్డులో ఉంది, షెడ్డు హాజరు పుస్తకంలో ఉంది. వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆమె అందరికీ బుల్లెమ్మే. మా షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళం. మంగమ్మ ఒక్కతే.

నువ్వు అడిగావు కాబట్టి వరసగా రాస్తాను. ఏప్రిల్ తొమ్మిది, బుధవారం, షెడ్డు తెరిచిన రోజు. ఎనిమిదింటికి మమ్మల్ని వరసలో నిలబెట్టారు. భాస్కరరావు గారు సర్పంచ్ గారికి స్వయానా తమ్ముడు. ఆయన చేతిలో నీ రిపోర్టు జిరాక్సు ఉంది. మొదటి పేజీ చదివారు. చదివి, "మంగమ్మ ఎవరు?" అన్నారు. బుల్లెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇది చెప్పింది నువ్వేనా?"

ఆమె నా వైపు చూడలేదు. "నేనేనండి" అంది.

"వేలిముద్ర వేసే దానివి, నీకిన్ని మాటలు ఎక్కడివి?"

"నోటికి వేలిముద్ర అక్కర్లేదు కదండీ."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకు షెడ్డు లేదు. చుట్టుపక్కల తోటల్లో కోతకూ ఎవరూ పిలవలేదు. అన్ని తోటల కాయా ఆ షెడ్డుకే వస్తుంది కదా. నెలాఖరుకు ఉంగుటూరు వైపు దాళ్వా వరి కోశాక మిగిలిన గడ్డి మోపులు కట్టే ముఠాలో చేరింది. నాలుగున్నరకే ఆటో ఎక్కేది.

మొన్న ఇరవై తొమ్మిదిన పెద్దకర్మ అయింది. వాళ్ళమ్మాయి భవాని వచ్చినవాళ్ళందరి ముందూ అంది, "మా అమ్మను మా అమ్మ నోరే తినేసింది. ఎవరో చదువుకునే పిల్ల వస్తే దాని ముందు గొప్పలు పోయింది" అని. నేను విస్తళ్ళు వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నాకొకటి చెప్పు. ఊళ్ళో ఇన్ని పేర్లుండగా నీకు ఆ పేరే ఎందుకు దొరికింది? హాజరు పుస్తకం చూసి రాసుకున్నావా? ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, నన్ను కాపాడడానికి పక్కింటామెను ముందు నిలబెట్టావా? నేను నిన్ను అలా చెయ్యమని అడగలేదే.

పార్వతి

*

హైదరాబాదు
5 జూన్ 2025

అత్తా,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు గది దాటలేదు. రిపోర్టు వెనక్కి తీసుకుంటానని సార్‌కి రాసి ఇచ్చాను. దానివల్ల ఆమె తిరిగి రాదని నాకు తెలుసు.

కానీ ఆ పేరు నేను వెతికి పెట్టింది కాదు. మారుపేరును ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళే ఎంచుకోవాలని మాకు నేర్పారు. పెత్తనం పరిశోధకుల చేతిలో ఉండకూడదని. జనవరి ఇరవై, సోమవారం, సాయంత్రం అయిదున్నర, నీ ఇంటర్వ్యూ. నా నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మారుపేరు: మంగమ్మ. వాళ్ళే చెప్పారు." ఆ రోజు ఇంటర్వ్యూ ఇచ్చింది నువ్వు ఒక్కదానివే. అంటే ఆ పేరు నువ్వే చెప్పావు. తోచింది చెప్పి ఉంటావు, నోటికి మొదట వచ్చిన పేరు స్నేహితురాలిదే అయి ఉంటుంది. నిన్ను తప్పు పట్టడం లేదు. బుల్లెమ్మత్త అసలు పేరు నీకు తెలుసు, నాకు తెలియదు. అంతే చెబుతున్నాను.

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఆయన అడిగింది ఉంది, ఆమె చెప్పింది ఉంది, ఎవరు నవ్వారో ఉంది. ఆ వరసలో నువ్వూ ఉన్నావు. నువ్వేమన్నావో లేదు.

యోగిత

*

10 జూన్ 2025, మంగళవారం

యోగితా,

ఆ పేరు నేను చెప్పలేదు. శివ మీద ఒట్టు. నువ్వు రాసుకున్నావు కాబట్టి అది నిజం, నేను గుర్తు పెట్టుకున్నాను కాబట్టి అబద్ధం అంటావా? నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

నువ్వడిగిన రెండోదానికి జవాబు. నేనేమీ అనలేదు. నోరు తెరిస్తే నా పనితో పాటు శివ వ్యానూ పోతుంది. అది ఆ నిమిషంలో లెక్క వేసుకున్నాను. వేసుకుంటున్నట్టు బుల్లెమ్మకు తెలుసు.

ఇంకా ఉంది. నువ్వు అడగలేదు, నేనే రాస్తున్నాను. ఏప్రిల్ పన్నెండు, శనివారం, భాస్కరరావు గారు నన్ను పిలిచారు. "మంగమ్మ చేత ఒక కాగితం రాయించాలి, నీ దస్తూరి బాగుంటుంది" అన్నారు. కాగితం ఇస్తే ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకుంటారా అని అడిగాను. "చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుని రాశాను. అర్జీలు రాసీ రాసీ ఉన్నాను కదా, కొట్టివేతలు లేకుండా ఒకేసారి వచ్చింది. "జనవరిలో వచ్చిన విద్యార్థినికి నేను తెలిసీ తెలియక తప్పుడు మాటలు చెప్పితిని. గ్రామసభ సక్రమంగా జరిగినది. నా మాటలకు చింతిస్తున్నాను."

ఆమెను పిలిపించారు. నేనే చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు, చివరిదాకా విన్నది.

"కింద నా పేరు రాశావా?"

"రాశాను వదినా."

"మంగమ్మ అనేనా? ఏదీ, చూపించు."

చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూసింది. పక్కన బొటనవేలు ముద్ర వేసింది. బయట పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ, "శివ బండి జాగ్రత్త" అంది. అంతే. ఆ తర్వాత కూడా మా ఇంటికి టీ వచ్చేది. నేను తాగేదాన్ని.

ఆమెను పనిలోకి తీసుకోలేదు.

రిపోర్టు సంగతి మండలం ఆఫీసుకు ఎలాగో చేరింది. సంజాయిషీ అడిగారు. అందుకని ఈ నెల ఇరవై ఎనిమిదిన ప్రత్యేక గ్రామసభ. ఈసారి నిజంగా జరుగుతుంది, అధికారి వస్తున్నారు. ఆ కాగితాన్ని సభలో చదివి రిజిస్టరులో ఎక్కిస్తారట. రాసింది నేనే కాబట్టి చదవడమూ నన్నే చదవమన్నారు. సరే అని వచ్చాను.

ఇక నన్నేం అడగకు.

పార్వతి

*

హైదరాబాదు
16 జూన్ 2025

అత్తా,

నువ్వు చెప్పింది నిజం. ఆ పేరు నువ్వు చెప్పలేదు. నిన్ను అనుమానించాను, క్షమించు.

నీ ఉత్తరం చూశాక జనవరి ఇరవై నాటి రికార్డింగు మొదటి నుంచి విన్నాను. మొదటి నుంచి వినడం ఇదే మొదటిసారి. దగ్గు వచ్చినా, కుర్చీ లాగినా అన్నీ రాయాలని సార్ చెప్పారు. గడువు దగ్గర పడిందని నేను నాలుగున్నర నిమిషాల దగ్గర మొదలుపెట్టాను. అంతకు ముందు భాగానికి నా పుస్తకంలో ఇలా రాసి ఉంది: "టీ, పిచ్చాపాటీ. అవసరం లేదు." ఇప్పుడు పూర్తిగా రాశాను. ఒక్క మాట మార్చలేదు.

పార్వతి: ఉండమ్మా, పంపు వచ్చినట్టుంది. రెండు బిందెలు పట్టుకొస్తాను. నువ్వు దాంతో మాట్లాడుతూ ఉండు వదినా.
(అడుగుల చప్పుడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు.)
బుల్లెమ్మ: తాగు. చల్లారితే మీగడ కడుతుంది. ఇదేంటి, వింటుందా?
నేను: వింటుంది. కానీ అత్త పేరు ఎక్కడా బయటికి రాదు. వేరే పేరు పెడతాం.
బుల్లెమ్మ: ఎవరు పెడతారు?
నేను: వాళ్ళే పెట్టుకోవాలి. నువ్వు చెప్పు, అత్తకు ఏం పేరు బాగుంటుంది?
(కుర్చీ లాగిన చప్పుడు.)
బుల్లెమ్మ: మంగమ్మ అని రాయి.
నేను: ఆ పేరు వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?
బుల్లెమ్మ: ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఊరికే పడి ఉన్న పేరు. వాడుకోండి. ఇది పుస్తకంలో ఎక్కుతుందా?
నేను: ఎక్కుతుంది.
బుల్లెమ్మ: అచ్చులోనా?
నేను: అచ్చులోనే.
(నవ్వు. ఇద్దరిదీ.)
పార్వతి: (దూరం నుంచి) ఏంటి అంతలా నవ్వుతున్నారు?
బుల్లెమ్మ: నీకు నామకరణం చేశాం.
పార్వతి: ఏం పేరేంటి?
బుల్లెమ్మ: తర్వాత చెబుతాంలే. ముందు ఆ బిందె దించు, నడుం పట్టేస్తుంది.

తర్వాత నీ ఇంటర్వ్యూ మొదలైంది. ఇద్దరమూ నీకు చెప్పలేదు. నేను మర్చిపోయాను. తను ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను అత్తా. వచ్చిన జవాబు మీద ఇంకో ప్రశ్న అడగలేదు. ఒక్కసారి "నీ అసలు పేరేంటి" అంటే సరిపోయేది. పదకొండు రోజులు ఆమె టీ తాగి, ఆమె పేరు అడగలేదు. ఊళ్ళో పౌరుల భాగస్వామ్యం మీద నలభై పేజీలు రాశాను.

సార్‌కి మొత్తం చెప్పాను. "రిపోర్టు వెనక్కి తీసుకోవడం మన సుఖం కోసం. ఆ టేపు ఎవరిదో వాళ్ళను అడుగు" అన్నారు. అది ఇప్పుడు భవానిదని నా ఉద్దేశం. తనను అడగడానికి నాకు ముఖం లేదు. నువ్వు అడుగుతావా? వద్దంటే చెరిపేస్తాను. కావాలంటే తీసుకొస్తాను.

యోగిత

*

22 జూన్ 2025, ఆదివారం

అమ్మాయ్ యోగితా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. షెడ్డులో ఉండగా పోస్టుమాన్ ఇచ్చాడు. అక్కడ విప్పలేదు.

నువ్వు రాశాక గుర్తొచ్చింది. బిందె దించమంది. దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. ఏం పేరు పెట్టారని మళ్ళీ అడగలేదు. ఆ వారం అంతా, ఆ తర్వాత రెండు నెలలూ అడగలేదు. ఏప్రిల్ తొమ్మిదిన వరసలో నిలబడ్డప్పుడు కూడా అది నా నామకరణం అని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. తను ఇచ్చిన పేరే కదా అనుకుని ఉంటుంది. ఇది నా ఊహ. నీలాగే నేనూ తెలిసినట్టు రాయను.

నిన్న సాయంత్రం భవాని దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం మొత్తం చదివాను. రిజిస్టరు మాటలు నావని చెప్పాను. ఏప్రిల్ పన్నెండు కాగితం నా చేత్తో రాసిందే అని చెప్పాను. తను విని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అరుగు మీద కూర్చున్నాను. గంట తర్వాత తలుపు సగం తీసి, ఎటో చూస్తూ అడిగింది.

"అందులో అమ్మ గొంతు ఉందా?"

ఉందన్నాను.

"మా దగ్గర లేదు. ఫోటోలు మూడున్నాయి, గొంతు లేదు. నవ్విందా?"

"నవ్వింది."

మళ్ళీ తలుపు వేసుకుంది. చెరిపెయ్యకు. తీసుకురా.

శివకు కూడా చెప్పాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. "ఇన్నాళ్ళు ఊరుకున్నదానివి, ఇప్పుడెందుకు?" అన్నాడు. వాడు అడిగిన దాంట్లో తప్పు లేదు. ఇవాళ ఆదివారమైనా వ్యాను తీసుకుని వెళ్ళాడు. ఎన్నాళ్ళు తోలనిస్తారో చూడాలి.

చదవమన్న కాగితం చదువుతాను. దాని కింద ఇంకో కాగితం పెట్టుకున్నాను. నిన్ననే రాశాను, నాలుగుసార్లు కొట్టేశాను, అయినా శుభ్రంగా తిరగరాయలేదు. పై కాగితం దస్తూరి నాది, అందులోని అబద్ధం నాది, మంగమ్మ పేరున అచ్చులో ఉన్న మాటలు నావి, అవి నిజం అని ఉంది. కింద నా సంతకం ఉంది. సాక్షి సంతకానికి ఖాళీ వదిలాను. ఎవరూ పెట్టకపోవచ్చు.

ఇరవై ఏడు సాయంత్రానికి నూజివీడు చేరేలా బయలుదేరు. జంక్షన్‌లో దిగితే అక్కడి నుంచి బస్సే ఎక్కు. ఎంతసేపైనా ఆగు, ఆటో ఎక్కకు. స్టాండు బయట పూలమ్మి దగ్గర కనకాంబరాలు ఉంటే రెండు మూరలు తీసుకో.

ఇరవై ఎనిమిది, శనివారం. తొమ్మిదింటికి భవాని ఇంట్లో ఆ నాలుగున్నర నిమిషాలు వినిపించాలి. పదిన్నరకు పంచాయతీ ఆఫీసు ముందు సభ. నోటీసు బోర్డు మీద అంశాలు అంటించారు, చూసి వచ్చాను. మొదటిది వీధి దీపాలు, రెండోది చెత్త బండి, మూడోది కాలనీ పంపు. నాలుగో అంశానికి నా పేరు పిలుస్తారు.

అత్త
పార్వతి